బిగుసుకుపోయిన టార్చిలైటు

ఏడో తరగతిలో పొడుపుకథల పాఠం జరుగుతోంది. "ఎవరు విప్పుతారు?" అని అడిగాను, అలవాటు కొద్దీ. తెలుగులో పొడుపుకథను విప్పడం అంటాం. ముడి విప్పినట్టు, మూట విప్పినట్టు, మొహమాటపడేవాడు నోరు విప్పినట్టు. గంట కొట్టగానే అందరూ పరుగెత్తారు. ఒక అబ్బాయి మాత్రం ఉండిపోయి, బ్యాగులోంచి ఒక టార్చిలైటు తీసి నా బల్ల మీద పెట్టాడు.

"మేడం, దీన్ని విప్పుతారా?"

నల్లటి అల్యూమినియం టార్చిలైటు. జానెడు పొడవు, రెండు పెద్ద సెల్లులు పట్టేది. వెనక మూత అంచు చుట్టూ తెల్లటి పొడి పేరుకుపోయి ఉంది. మూత నిండా పటకారు పళ్ళ గీతలు.

"ఈ గీతలు ఎవరు పెట్టారు?"

"సగం నేను మేడం. సగం బజార్లో రిపేరు అంకుల్. ఇది ఇక రాదు, కొత్తది కొనుక్కో అన్నారు."

మెల్లగా మిగతా సంగతి బయటికి వచ్చింది. వాళ్ళ నాన్నగారికి మళ్ళీ బదిలీ అయింది. ఆయన ముందే వెళ్ళి డ్యూటీలో చేరిపోయారు. శనివారం లారీ వస్తుంది. ఇంట్లో సామానంతా రెండు కుప్పలు చేస్తున్నారు. ఈ పత్రిక చదివే మీలో చాలామందికి ఆ రెండు కుప్పల సంగతి నేను చెప్పక్కర్లేదు. ఒకటి మనతో వచ్చేది, రెండోది కబాడీ బండికి పోయేది. టార్చిలైటు రెండో కుప్పలో పడింది. వాళ్ళు లేహ్‌లో ఉన్నప్పుడు, చలికాలం రాత్రి కరెంటు పోతే, వాళ్ళ నాన్న ఈ లైటు పెట్టి గోడ మీద చేతి నీడలతో కుక్కనీ కొంగనీ ఆడించేవారట. వీడు అమ్మకు చెప్పకుండా దాన్ని కుప్పలోంచి తీసుకొచ్చాడు.

ఆ రోజు బుధవారం. లారీకి మధ్యలో రెండు రోజులే ఉన్నాయి.

తెలుగు టీచరుకు ఇదేం పని అని మీరు అనుకోవచ్చు. స్టాఫ్ రూములో ఒకరిద్దరు అననే అన్నారు. నా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాను, దాచుకోవడం ఎందుకు. ఊళ్ళు మారుతూ పెరిగే పిల్లలకు వస్తువుల్ని వదిలేయడం బాగా వచ్చు, విప్పడం రాదు. తప్పు వాళ్ళది కాదు. ఎవరూ నేర్పలేదు. బడి నేర్పాలి.

ఒకే ఊళ్ళో ముప్పై ఏళ్ళున్న ఇంటికి తెలిసిన మనిషి ఒకడుంటాడు. ఫ్యాను ఆగితే ఒకడు, గొడుగు కమ్మి విరిగితే ఒకడు, కుక్కరు పిడి ఊడితే ఒకడు. మనకు అలా కాదు. పన్నెండేళ్ళలో నాకిది ఐదో ఊరు. సిల్చార్, జామ్‌నగర్, ఝాన్సీ, విశాఖపట్నం, ఇప్పుడు జబల్పూర్. ప్రతి ఊళ్ళోనూ మంచి రిపేరు కొట్టు ఎక్కడుందో తెలిసేసరికి చేతికి ఆర్డరు వస్తుంది. తెలియని కొట్టుకు వెళితే "కొత్తది కొనండి మేడం" అంటాడు. అతణ్ణీ తప్పుపట్టలేను. రెండు వందల రూపాయల వస్తువు మీద గంటసేపు కూర్చుంటే అతనికి గిట్టదు. గిట్టేది మనకే. గంట మన దగ్గరుంది, వస్తువూ మనదే.

ఇక ఆ టార్చిలైటు. నేను దాన్ని వెంటనే ముట్టుకోలేదు. "నువ్వు ఎటు తిప్పావో చేసి చూపించు" అన్నాను. మూతను తన వైపు పెట్టుకుని ఒకసారి తిప్పాడు, తర్వాత దాన్ని తలకిందులు చేసి మళ్ళీ తిప్పాడు. రెండుసార్లూ చెయ్యి కుడికే తిరిగింది. అంటే ఒకసారి విప్పాడు, ఒకసారి బిగించాడు. నవ్వకండి, పెద్దవాళ్ళం కూడా ఇదే చేస్తాం. మూత వైపు నుంచి నేరుగా చూస్తూ, గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురుగా తిప్పాలి. గుడిలో ప్రదక్షిణం చేసే దిక్కు బిగించేది, దానికి ఎదురు దిక్కు విప్పేది అని నేను గుర్తుపెట్టుకుంటాను. దాదాపు అన్ని మరలూ ఇంతే. మీ సైకిలుకు ఎడమ పెడలు మాత్రం తిరకాసు, దాని మర ఎదురు దిక్కున కోసి ఉంటుంది. లేకపోతే తొక్కే కొద్దీ అది వదులై ఊడిపోయేది.

ఆ మధ్యాహ్నం కెమిస్ట్రీ సార్‌ని బతిమాలి ల్యాబుకు తీసుకెళ్ళాం. ఇలాంటివి పెద్దవాళ్ళు పక్కన లేకుండా చేయకూడదు, ఎందుకో చెబుతాను. ఆ తెల్ల పొడి మట్టి కాదు. ఆల్కలైన్ సెల్లులో పొటాషియం హైడ్రాక్సైడ్ అనే గాఢమైన క్షారం ఉంటుంది. సెల్లు పాతబడి లోపల వాయువు పుట్టి ఒత్తిడి పెరిగితే, సీలు దగ్గర ఆ క్షారం బయటికి కారుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి పొటాషియం కార్బొనేటుగా, అంటే ఆ తెల్ల పొడిగా, పేరుకుంటుంది. కంట్లో పడితే ప్రమాదం, చర్మాన్నీ తినేస్తుంది. అందుకని ముందు చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు. పైగా అల్యూమినియం క్షారానికి లొంగిపోయే లోహం. పదో తరగతిలో చదువుతారు, ఆమ్లంతోనూ చర్య జరుపుతుంది, క్షారంతోనూ జరుపుతుంది. అంటే మూత బిగుసుకున్నది ఎవరో గట్టిగా తిప్పినందువల్ల కాదు. మరల సందుల్లో లోహమే తుప్పు పట్టి, పొడి నిండి, సిమెంటులా గట్టిపడింది.

సార్ అంచు మీద ఒక్క చుక్క వెనిగర్ వేశారు. తుస్సుమని నురగ వచ్చింది. "చూశావా, కార్బొనేటే. ఆల్కలైన్ సెల్లే అయ్యుంటుంది" అన్నారు. మూత విప్పకుండానే లోపల ఏముందో సగం తెలిసిపోయింది. ఆ నురగ చూసినప్పుడు ఆ అబ్బాయి ముఖం మీరు చూడాలి. పొడుపుకథలో మొదటి ముడి ఊడిందన్నమాట. వెనిగర్ లేని ఇంట్లో నిమ్మరసం ఉంటుంది. మా అమ్మమ్మ ఇత్తడి చెంబులు చింతపండుతో తోమేది, పని చేసేది అక్కడా పులుపే. జింకు కార్బన్ సెల్లులు, అంటే చవగ్గా దొరికే పాత రకం, కారితే మాత్రం కారేది కాస్త ఆమ్ల గుణం ఉన్న ముద్ద. దానికి పులుపు పనికిరాదు, తడిపిన వంటసోడా కావాలి. మీ సెల్లు ఏ రకమో దాని మీద ఉన్న కోడే చెబుతుంది. పెద్ద సెల్లు మీద ఎల్‌ఆర్20 అని ఉంటే ఆల్కలైన్, ఉత్త ఆర్20 అని ఉంటే జింకు కార్బన్.

ఒక గిన్నెలో వెనిగర్ వేలెడు లోతు పోసి, టార్చిలైటును మూత కిందికి వచ్చేలా అరగంట నిలబెట్టాం. రాత్రంతా ఉంచకూడదు, వెనిగర్ కూడా అల్యూమినియాన్ని తింటుంది. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మంచినీళ్ళతో కడిగి, తుడిచి, మరల అంచున కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు వేసి ఆ రాత్రికి వదిలేశాం. కొబ్బరినూనె వేద్దామని నాకు నోటిదాకా వచ్చింది, మన చేతికి ముందు అదే తగులుతుంది కదా. కానీ అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ఝాన్సీలో జనవరి నెలంతా నా కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టి బతికాను, ఆ అనుభవం గుర్తొచ్చి ఊరుకున్నాను.

గురువారం పొద్దున వాడు ఇంట్లోంచి పైపు రెంచీ పట్టుకుని వచ్చాడు. క్వార్టర్స్‌లో ప్లంబర్‌ని అడిగి తెచ్చాడట. దాన్ని చూడగానే నా గుండె ఝల్లుమంది. ఎందుకో వాడికి చెప్పాను, మీకూ చెబుతాను.

మా నాన్న నల్లగొండ జిల్లాలో రైతు. నా చిన్నప్పుడు మోటార్లకు కరెంటు విడతలుగా వచ్చేది, అందులో ఒక విడత అర్ధరాత్రి. నాన్న మూడు సెల్లుల టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడుచుకుంటూ బావి దగ్గరికి పోయేవాడు, పాముల్ని చూసుకుంటూ, స్టార్టరు డబ్బా మీద వెలుగు వేసుకుంటూ. అమ్మ నిద్రపోకుండా ఆ వెలుగు చుక్కను వాకిట్లోంచి చూస్తూ కూర్చునేది. నాకు ఉద్యోగం వచ్చి మొదటి పోస్టింగు సిల్చార్ అని తెలిశాక, "దూరం పోతున్నవ్, అక్కడ వానలట" అని ఆ టార్చిలైటు నా పెట్టెలో పెట్టాడు. ఇనుప రేకు గొట్టం, పైన మెరుగు పూత. నేను దాన్ని సెల్లులతో సహా ఒక వానాకాలమంతా అల్మారాలో మరిచిపోయాను. తర్వాత చూస్తే మూత రాలేదు. పక్క క్వార్టర్ వాళ్ళ దగ్గర పైపు రెంచీ అడిగి తెచ్చి, మూతకు వేసి, బలంకొద్దీ లాగాను. కర్రుమని ఒక చప్పుడు. మూత రాలేదు. గొట్టం నొక్కుకుపోయి కోడిగుడ్డులా అయింది.

అది బోలు గొట్టం. పైపు రెంచీ దాన్ని రెండు పక్కలనుంచి నొక్కి పట్టుకుంటుంది. గుండ్రంగా ఉన్నది కోలగా మారితే లోపలి మర, బయటి మర ఒకదాన్నొకటి కరుచుకుపోతాయి. ఎంత బలం పెడితే అంత బిగుస్తుంది. ఆ వేళ నాకు ఈ సంగతి తెలియదు. రెండేళ్ళు నాన్నకు చెప్పలేదు. సెలవులకు వెళ్ళినప్పుడు "లైటు మంచిగ పని చేస్తుందా?" అంటే తల ఊపాను. మూడోసారి అడిగినప్పుడు చెప్పేశాను. నాన్న కోప్పడతాడనుకున్నాను. ఆయన అడిగింది ఒకటే, "దేంతోని తిప్పినవ్ బిడ్డా?"

"పైపు రెంచీతో."

"గుండ్రంగ ఉన్నదాన్ని రెండు దిక్కుల వత్తితే సొట్టవోదా? సుట్టూత పట్టాలె" అన్నాడు. బావి దగ్గర పైపుల కప్లింగు బిగుసుకుంటే సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, దాని మీద తాడు వేసి, కర్రతో తిప్పేవాడట. ఇంజనీరింగు పుస్తకంలో దీనికి స్ట్రాప్ రెంచీ అని పేరుంది. మా నాన్నకు పేరు తెలియదు, పని తెలుసు. నేను ఎం.ఏ. చదివాను, నాకు రెండూ తెలియవు. ఆ నొక్కుకుపోయిన గొట్టం నాలుగు బదిలీల్లోనూ నాతోనే వచ్చింది. గురువారం దాన్ని కూడా బడికి తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టాను. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా రెంచీని బ్యాగులో పెట్టేసుకున్నాడు.

ఆ సాయంత్రం మా పనిముట్లు ఇవి. పంక్చరు కొట్టులో అడిగితే ఊరికే ఇచ్చిన పాత సైకిల్ ట్యూబు, ఇంట్లో ప్యాకింగుకు తెచ్చిన నవారులోంచి రెండు మూరల ముక్క, మా ఇంటి అప్పడాల కర్ర, ఒక తువ్వాలు, ఫ్లాస్కులో వేడి నీళ్ళు. ట్యూబును పొడుగ్గా పట్టీలా కోసి, ఒక ముక్క మూతకు, ఒక ముక్క గొట్టానికి బిగించి చుట్టాం. రబ్బరు జారదు, పైగా చుట్టూ సమానంగా పట్టుకుంటుంది. మూత మీద ట్యూబుపైన నవారును రెండు చుట్లు వేసి, రెండు కొసల్నీ కలిపి అప్పడాల కర్ర చివర గట్టిగా కట్టాం. కర్ర కొస మూతకు ఆనుకుని ఉండాలి. అప్పుడు కర్రను లాగే కొద్దీ నవారు మూతను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. చుట్టే దిక్కు కూడా చూసుకోవాలి. విప్పే దిక్కుకు లాగినప్పుడు నవారు బిగియాలి, వదులు కాకూడదు. మేము మొదటిసారి తప్పే చుట్టాం.

కర్ర ఎందుకు అంటే లెక్క చిన్నది. మూత అడ్డుకొలత నాలుగు సెంటీమీటర్లు. చేత్తో పట్టుకుంటే మీ బలం మధ్య నుంచి రెండు సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తుంది. కర్రను ఇరవై సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే అదే బలానికి పది రెట్ల తిప్పుడు శక్తి. ఆ పది రెట్లూ మీ చేతికి తెలియవు, టార్చిలైటుకు తెలుస్తాయి. అందుకని కుదుపు పెట్టి లాగకూడదు, మెల్లగా ఒత్తిడి పెంచుతూ పోవాలి.

తువ్వాలు వేడి నీళ్ళలో ముంచి, పిండి, మూతకు మాత్రం చుట్టాం. చెయ్యి ఓర్చుకునేంత వేడే. లోపల సెల్లులు ఉన్నాయి కాబట్టి మంట దగ్గరికి, మరిగే నీళ్ళ దగ్గరికి పోకూడదు, ఈ మాట రెండుసార్లు చదవండి. పాతిక డిగ్రీలు వేడెక్కితే నాలుగు సెంటీమీటర్ల అల్యూమినియం మూత మిల్లీమీటరులో నలభయ్యో వంతు వ్యాకోచిస్తుంది. వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. అయినా గట్టిపడ్డ పొడికి పగుళ్ళు రావడానికి ఆ మాత్రం చాలు. పాతకాలం ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి నీళ్ళు పోసేవారు కదా, అది బిగించడానికి. ఇది అదే కిటుకు, విప్పడానికి.

మధ్యలో వాడు ఒక మంచి ప్రశ్న అడిగాడు. "లేహ్‌లో మూసినందువల్ల కూడా బిగుసుకుందా మేడం? మేం కొండ దిగినప్పుడు నీళ్ళ సీసా నొక్కుకుపోయింది." నిజమే. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో మూడింట రెండు వంతులు. టార్చిలైటు రబ్బరు రింగు గాలిని పూర్తిగా ఆపి ఉంటే, ఆ పలచని గాలే లోపల మిగిలిపోతుంది, కింద ఇక్కడి గాలి బయటినుంచి మూతను నొక్కుతుంది. కాగితం మీద లెక్కవేస్తే సుమారు నాలుగు కిలోల బరువు పెట్టినట్టు. అసలు కారణం అది కాదు, తుప్పే. కానీ మైదానాల్లో పుట్టి అక్కడే పెరిగిన పిల్లవాడికి ఆ ప్రశ్న తట్టేది కాదు. బదిలీలు మీకు ఇచ్చినవాటిలో ఇలాంటివి కూడా ఉన్నాయి.

నేను గొట్టాన్ని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాను. వాడు కర్ర లాగాడు. మొదటిసారి రాలేదు. మళ్ళీ తువ్వాలు, మళ్ళీ రెండు చుక్కల నూనె. నాలుగోసారికి ఏదో చిట్లిన చప్పుడు, మూత పావు చుట్టు కదిలింది. మేము అక్కడ ఆగి, ఒకసారి వెనక్కి బిగించి, మళ్ళీ విప్పాం. అలా ముందుకూ వెనక్కీ నడిపిస్తే పొడి రాలుతుంది, మర తెగదు. పది నిమిషాలకు మూత చేతిలోకి వచ్చింది.

లోపల సెల్లుల చుట్టూ ఒక కాగితం చుట్టి ఉంది, సెల్లులు గలగలమనకుండా పెద్దవాళ్ళు పెట్టే కాగితం. క్యాలెండరు ముక్క. తేదీల గళ్ళు, ఒక ఎర్ర ఆదివారం కనిపించాయి. వాళ్ళు లేహ్‌లో ఉన్నప్పటిదే. రెండున్నరేళ్ళుగా ఎవరూ సెల్లులు తీయలేదన్నమాట. అందుకే మీ అందరికీ ఒక మాట, లారీ వచ్చే ముందు టార్చిలైట్లు, గోడ గడియారాలు, రిమోట్లు, బొమ్మలు అన్నింట్లోంచీ సెల్లులు తీసి విడిగా కట్టండి. చేసే పని అర నిమిషం. సెల్లు మీద ఎల్‌ఆర్20 అని ఉంది. సార్ చెప్పింది సరిపోయింది.

ఇప్పుడు, విప్పకూడనివి. ఈ మాట చెప్పకపోతే మీ అమ్మానాన్నలు ఈ పత్రికను నా మొహాన కొడతారు, కొట్టాలి కూడా. ఛార్జింగు పెట్టే టార్చిలైట్లలో, ఫోన్లలో ఉండేది లిథియం బ్యాటరీ. దానికి గుచ్చుకున్నా, వంగినా, వేడి తగిలినా అంటుకోవచ్చు. ఉబ్బిన ఫోను బ్యాటరీని అసలు ముట్టుకోవద్దు. మైక్రోవేవు, ఇన్వర్టరు, గోడ ప్లగ్గులో పెట్టే ఏ వస్తువూ మీ పని కాదు. మైక్రోవేవులో ప్లగ్గు తీశాక కూడా కెపాసిటరులో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. రెండు సెల్లుల టార్చిలైటు, గోడ గడియారం, సెల్లుతో నడిచే బొమ్మ, పెన్ను, సైకిలు గంట, ఇవి మీవి. ఈ గీత ఎక్కడుందో తెలియడం కూడా చదువే. పిల్లలకు దెబ్బలు తగులుతాయి, వద్దే వద్దు అనే పెద్దలకు నేను చెప్పేది ఇదే. వద్దు అన్న ఇంట్లోనే ఆ అబ్బాయి ఒంటరిగా, తొడుగులు లేకుండా, క్షారం కారుతున్న మూతకు పటకారు వేశాడు. మేము చేసింది వాణ్ణి పెద్దవాళ్ళ ఎదురుగా బల్ల దగ్గరికి తీసుకురావడం.

రెండో అభ్యంతరం ధర. కొత్తది రెండు వందలకు వస్తుంటే వెనిగరు, నూనె, రెండు సాయంత్రాలు దండగ కాదా అన్నారు ఒక సహోద్యోగి. ఆయన లెక్క తప్పు కాదు. నేను కూడా అన్నింటినీ బాగుచేయాలని అనను, కొన్ని నిజంగా పోతాయి, వాటిని ఈ-వేస్టు డబ్బాలో వేయడమే మంచిది. కానీ ఆ రెండు వందల లెక్కను మన పిల్లలు ప్రతి మూడేళ్ళకూ ఇంటి నిండా వింటున్నారు. కుర్చీ వదిలేద్దాం, అక్కడ కొనుక్కుందాం. పూలకుండీలు వదిలేద్దాం. కుక్కపిల్లను పక్కవాళ్ళకిద్దాం. ఒక్కొక్కటి విడిగా చూస్తే సబబే. అన్నీ కలిపి విన్న పిల్లవాడికి, పాడైంది అంటే పోయింది అని అర్థమవుతుంది. నాకు బెంగ ఆ అర్థంతోనే.

ఇది నా ఒక్కదాని గొడవ కాదు. వస్తువు కొన్నవాడికి దాన్ని బాగుచేసుకునే హక్కు ఉండాలని ప్రపంచంలో చాలా చోట్ల అడుగుతున్నారు. ఫ్రాన్సులో 2021 నుంచి ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల వంటి కొన్ని వస్తువుల మీద, బాగుచేయడం ఎంత సులువో పదికి మార్కులు వేసి చూపించాలని నియమం పెట్టారు. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీల చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి నుంచి చిన్న పరికరాల్లో బ్యాటరీని వాడేవాడే తీసి మార్చుకునేలా ఉండాలి. మన దేశంలో కూడా వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ఈ హక్కు మీద ఒక కమిటీ వేసింది. చట్టాలు రానీ, మంచిదే. కానీ మర ఎటు తిరుగుతుందో తెలియని చేతికి హక్కు ఇస్తే అది ఏం చేసుకుంటుంది?

కొత్త జాతీయ విద్యా విధానం, 2020 నాటిది, ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, తోటపని, కుండల పని లాంటివి నేర్చుకోమంటోంది. మన బడుల్లో ఆ పది రోజుల్లో రంగుల కాగితాలతో పూలు చేయిస్తున్నాం, తప్పేం కాదు. అందులో ఒక్క రోజు విప్పే బల్ల పెట్టండని నా విన్నపం. ఖర్చేమీ కాదు. సైకిల్ ట్యూబు, నవారు, పాత టూత్‌బ్రష్‌లు, వెనిగరు, వంటసోడా, తొడుగులు, కళ్ళద్దాలు, ఒక సైన్సు టీచరు. ఆ రోజు తెలుగు టీచర్ని కూడా పిలవండి. తీయడం, విప్పడం, ఊడదీయడం, పీకడం, విరగ్గొట్టడం, ఈ ఐదు మాటలకూ తేడా నేను బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. బల్ల దగ్గర ఒక్క సాయంత్రంలో ఎక్కింది.

శుక్రవారం. మూత అయితే వచ్చింది గానీ టార్చిలైటు వెలగలేదు. మూతలో ఉన్న స్ప్రింగు తుప్పుపట్టి చేతిలో పొడి అయిపోయింది. దాని కింద స్విచ్చు, స్విచ్చును పట్టి ఉంచే ఒక సన్నని ఇత్తడి రింగు. ఆ రింగుకు ఎదురెదురుగా రెండు చిన్న గుంటలు. అంటే దాన్ని తిప్పడానికి రెండు మొనల పనిముట్టు కావాలి. వాడు జామెట్రీ బాక్సులోంచి డివైడరు తీశాడు. కొలవడానికి మాత్రమే అన్నాను, తిప్పితే మొనలు వంగుతాయి. డివైడరుతో గుంటల మధ్య దూరం కొలిచి, ఆ కొలతను ఒక చెక్క ముక్క మీద గుచ్చి, ఆ రెండు చుక్కల దగ్గర రెండు సన్న మేకులు అవతలికి మొనలు వచ్చేలా దిగ్గొట్టి, మొనల్ని ఆకురాయితో కాస్త మొద్దుగా చేశాం. గుంటల్లో సరిగ్గా కూర్చుంది. రింగు వచ్చింది, స్విచ్చు వచ్చింది. స్విచ్చులో కూడా పొడే. కడిగి ఆరబెట్టేసరికి బడి మూసే వేళ అయింది.

ముందు తల, అంటే అద్దం ఉన్న భాగం, అది కూడా బిగుసుకునే ఉంది. దాని సంగతి చూడటానికి మాకు టైము లేకపోయింది. ముక్కలన్నీ ఒక స్టీలు టిఫిను డబ్బాలో వేసి, రింగు ఏ వైపు పైకి ఉండాలో ఒక కాగితం మీద బొమ్మ గీసి, దాన్ని కూడా డబ్బాలో పెట్టాడు. ట్యూబు పట్టీలు, మేకుల చెక్క వాడికే ఇచ్చేశాను. అప్పడాల కర్ర ఇవ్వలేదు, అది నాకు కావాలి.

శనివారం సాయంత్రం లారీ వెళ్ళిపోయింది. డబ్బా ఏ కుప్పలోకి పోయిందో నాకు తెలియదు, అడగడానికి మొహమాటపడ్డాను.

నెల తర్వాత వాళ్ళమ్మగారి ఫోను నుంచి ఒక ఫొటో వచ్చింది. మూతలో కొత్త స్ప్రింగు, పాత ఎమర్జెన్సీ లైటులోంచి తీసి తుంచి పెట్టారట, నాన్నా వాడూ కలిసి. కింద వాడి తెలుగులో, రెండు ఒత్తులు తప్పుతో, ఇలా ఉంది. "మేడం, ఇంకా వెలగలేదు. తల విప్పాలి. ఇక్కడ సైకిల్ కొట్టు దొరికింది. నాన్న రెంచీ తెచ్చారు, నేను వద్దన్నాను."